కాండం మీద తట్టి వినే కందిరీగ: ప్యూపా పక్కనే ఉన్నా దొరకని ఒక కేసు

మిత్రపురుగుల్ని పెంచే ఒక యూనిట్ నుంచి వచ్చిన కేసు ఇది. ఫోన్‌లో సూపర్‌వైజర్ చెప్పిందల్లా ఇంతే: "ఆడవి బాగానే ఉన్నాయండీ, జత కట్టాయి, తేనెనీళ్లు తాగుతున్నాయి, కాండం ముక్కల మీద తెగ తిరుగుతున్నాయి, కానీ ప్యూపాల్లో గుడ్లు మాత్రం పడటం లేదు." ప్యూపా అంటే గొంగళి రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండిపోయే దశ. అంతకు ముందు తరాల్లో ఇదే గదిలో, ఇదే మేతతో, ఇదే మనుషుల చేతుల్లో పని సాఫీగా సాగింది. ఒక్కసారిగా పడిపోయింది.

వాళ్లు పెంచుతున్నది జాంథోపింప్లా స్టెమ్మేటర్. పసుపు ఒంటి మీద నల్ల మచ్చలుండే కందిరీగ, పుట్టిల్లు ఆసియా. మొక్కజొన్న, జొన్న, చెరకు కాండాల్ని తొలిచే పురుగుల మీద వాడటానికి దీన్ని ఆఫ్రికాకూ తీసుకెళ్లారు. ఇది గొంగళిని ముట్టుకోదు. గొంగళి కాండం లోపల సొరంగం చేసుకుని, రేపు రెక్కల పురుగై బయటికి రావడానికి సన్నటి పొర మాత్రం మిగిల్చి, ప్యూపాగా మారి కూర్చున్నాక అప్పుడు వస్తుంది. కాండం గోడ బయటే నిలబడి, గుడ్లు పెట్టే సూదిని గోడలోంచి లోపలికి దించి ప్యూపాలో గుడ్డు పెడుతుంది. ఒక ప్యూపాలోంచి ఒక కందిరీగే బయటికొస్తుంది. అంటే ఇది ఎప్పుడూ తన కంటికి కనపడని, అడుగు కూడా కదపని వస్తువు కోసం వెతుకుతోంది. ఈ కేసంతా ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరిగింది.

నేను వెళ్లేసరికే వాళ్ల దగ్గర అనుమానాల చిట్టా ఉంది. తరాల తరబడి దగ్గరి సంబంధాలే కలవడం వల్ల జాతి బలహీనపడిందేమో, ఆడవి ముదిరిపోయాయేమో, వాసన చాలడం లేదేమో. మూడోదాన్ని గట్టిగా నమ్మి అప్పటికే వైద్యం కూడా మొదలుపెట్టేశారు: కాండం ముక్కల మీద పురుగు విసర్జన కలిపిన నీళ్లు పూస్తున్నారు. దానికో చరిత్ర ఉంది. ఈ యూనిట్ అంతకుముందు చాలాకాలం కొటేషియా ఫ్లావిపెస్‌ను పెంచింది. ఆ చిన్న కందిరీగ ఎంచుకునేది లార్వాని, అంటే గొంగళి దశలో ఉన్న పురుగుని, అది స్వయంగా సొరంగంలోకి దూరిపోతుంది, దానికి పురుగు విసర్జన వాసనంటే ప్రాణం, అక్కడ ఈ పూత నిజంగానే పనిచేస్తుంది. జాంథోపింప్లా లోపలికి దూరేది కాదు, బయట నుంచే గుచ్చేది. వాసన దాన్ని మొక్క దాకా తీసుకురావచ్చు, కాండం దాకా కూడా తీసుకురావచ్చు, కానీ జానెడు కాండంలో ప్యూపా ఏ చోట ఉందో ముక్కుకు తెలియదు. విసర్జన సొరంగం పొడుగునా ఉంటుంది, ప్యూపా ఒక్కచోటే ఉంటుంది.

అందుకే వాసన సంగతి పక్కన పెట్టి ముందు కంపనాల గురించి వాళ్లతో కూర్చుని మాట్లాడాల్సొచ్చింది, ఎందుకంటే అక్కడ కూడా ఒక అపోహ ఉంది. "ప్యూపా కదలదు కదండీ, మరి దేన్ని వింటుంది?" అని ఒక టెక్నీషియన్ అడిగాడు. సరైన ప్రశ్న.

పరాన్నజీవి కందిరీగలు కంపనాల్ని రెండు రకాలుగా వాడుకుంటాయి. మొదటిది వట్టి వినికిడి. లోపలి పురుగు నమిలినా, పాకినా, మెలికలు తిరిగినా ఆ అదురు ఆకు మీదుగానో పండు మీదుగానో పైకి వస్తుంది, కందిరీగ కాళ్లతో దాన్ని పట్టుకుంటుంది. కుళ్లిన పండ్లలో డ్రోసోఫిలా అనే చిన్న ఈగల లార్వాల కోసం వెతికే అసోబరా టాబిడా అనే కందిరీగ ఈ రకం. నిలబడి, వింటూ, కదలిక వచ్చిన వైపు నడుస్తుంది. అదే పండ్ల మీద తిరిగే లెప్టోపిలినా హెటెరోటోమా మాత్రం వినడం కంటే సూదితో అక్కడా ఇక్కడా పొడిచి చూడటాన్నే నమ్ముకుంటుంది. ఇక్కడొక అందమైన సంగతి ఉంది. డ్రోసోఫిలా లార్వాల్లో ఎక్కువ దూరం తిరిగేవి, ఒకచోటే కూర్చుని తినేవి అని పుట్టుకతోనే రెండు రకాలున్నాయి, బాగా తిరిగేవి అసోబరాకు ఎక్కువగా చిక్కుతాయి. లార్వా నడకే దాని గుట్టు బయటపెడుతుందన్నమాట. పండు ఈగల పిల్లల్ని వెతికే డయాకాస్మిమార్ఫా లాంగికాడేటా కూడా వాటి కదలికల్ని వాడుకుంటుందని 1981లోనే అచ్చయింది.

ఈ వినికిడి ఎప్పుడూ ఒకవైపే ఉండదు. యాపిల్ ఆకు పొరల మధ్య బతికే ఒక సన్న పురుగు మీద, దాన్ని వెతికే సింపియెసిస్ సెరిసికార్నిస్ అనే కందిరీగ మీద జెరోమ్ కాసాస్, రైనర్ మేహోఫర్ వాళ్లు 1990ల్లో చేసిన పని చదివితే రెండు వైపులా ఎంత టెన్షన్ ఉంటుందో అర్థమవుతుంది. కందిరీగ సూదితో ఆకుని పొడిచినప్పుడు పుట్టే అదురు లోపలి పురుగుకి హెచ్చరిక, అది తప్పించుకునే పనిలో పడుతుంది, ఆ కదలిక మళ్లీ పైనున్న కందిరీగకి ఆచూకీ. పురుగు కదిలితే దొరుకుతుంది, కదలకపోతే సూది దారిలోనే ఉండిపోతుంది.

రెండో రకం వేరు, మన కేసు అదే. ఇక్కడ శబ్దం చేసేది కందిరీగే. తల మీది మీసాల్లాంటి యాంటెన్నాల కొసలతో కాండాన్ని తట్టి, ఆ అదురు తిరిగి కాళ్లలోకి ఎలా వస్తోందో చూసుకుంటుంది. వెనకాల గట్టి వస్తువున్న చోట గోడ ఒకలా మోగుతుంది, బోలుగా ఉన్న చోట ఇంకోలా మోగుతుంది, మేకు కొట్టే ముందు మనం గోడని వేలి కణుపుతో తట్టి చూసుకున్నట్టే. వినే పరికరం ప్రతి కాలికీ మోకాలి కిందే ఉంటుంది, సబ్‌జెన్యువల్ ఆర్గాన్ అంటారు. అక్కడి నాడీకణాలు గాలిలో వచ్చే శబ్దం కంటే కాలి కింది నేల అదురుకే స్పందిస్తాయి. గావిన్ బ్రాడ్, డొనాల్డ్ క్విక్ 2000లో ఎన్నో జాతుల కందిరీగల్ని పోల్చి చూసి, యాంటెన్నా కొస సుత్తిలా మారిన జాతుల్లో ఈ అవయవం కూడా పెద్దగా ఉంటుందని, ఈ తట్టి వినే పద్ధతి కందిరీగల్లో ఒక్కసారి కాక వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందని చూపించారు. చెక్కలోని పురుగుల కోసం వెతికే ఓరుసిడే కుటుంబం పరాన్నజీవి కందిరీగల్లో చాలా పాత శాఖ, వాటికీ ఈ విద్య ఉంది.

ఈ పద్ధతిలో ఆతిథ్య పురుగు, అంటే కందిరీగ ఏ పురుగులో గుడ్డు పెడుతుందో అది, ఏమీ చేయక్కర్లేదు. బతికి ఉండక్కర్లేదు, అసలు పురుగే అయి ఉండక్కర్లేదు. జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయంలో సిల్వియా డోర్న్ బృందం పింప్లా ట్యూరియోనెల్లే అనే జాంథోపింప్లా బంధువుతో చేసిన ప్రయోగాల్లో, కాగితం గొట్టం లోపల ఒకచోట గట్టి ముక్క దాచి పెడితే, వాసన లేదు, కదలిక లేదు, అయినా ఆడ కందిరీగలు సరిగ్గా ఆ ముక్క ఉన్న చోటే సూది దించాయి. 1998లో వచ్చిన పని ఇది. నా చేతిలో ఉన్న పరీక్షా ఇదే.

కానీ పరీక్ష పెట్టే ముందు ఊరికే కూర్చుని చూడటం ఎప్పుడూ లాభమే. ఎవరూ చేయరు, కానీ సగం జవాబు అక్కడే ఉంటుంది. పంజరంలో ఒక కాండం ముక్క పెట్టి, ఒక్క ఆడదాన్ని వదిలి, లెన్స్ పట్టుకుని చూశాం. అది ఒక చివర ఎక్కింది, రెండు యాంటెన్నాలూ ముందుకు వంచి కొసలతో కాండాన్ని గబగబా తడుతూ నడిచింది, మధ్యమధ్య ఆగి, కాళ్లు ఎడంగా పెట్టి ఒంటిని కాస్త కిందికి దించి, మళ్లీ తట్టింది. ఇదంతా చాలా శ్రద్ధగా, ఆరోగ్యంగా ఉన్న కందిరీగ చేసే పనే. తర్వాత పొట్ట ముందుకు వంచి సూదిని నిలబెట్టింది, గుచ్చింది, బయటికి లాగింది, రెండు వేళ్ల దూరం నడిచి మళ్లీ గుచ్చింది, మళ్లీ లాగింది. అలా ముక్క పొడుగునా గుచ్చుకుంటూ పోయింది. ప్యూపా మీద కూడా నడిచింది. అక్కడ ఆగనేలేదు.

దీనితో రెండు అనుమానాలు తేలిపోయాయి. జాతి బలహీనపడి ఉంటే, వయసు మీరి ఉంటే ఇంత ఉత్సాహంగా తట్టదు, అన్నిసార్లు సూది దించదు. గుడ్డు పెట్టాలన్న కోరిక నిక్షేపంలా ఉంది, ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు. ఈ రెంటినీ వేరుచేసి చూడకుండా "గుడ్లు పెట్టడం లేదు" అని రాసుకోవడం వల్లే చాలా యూనిట్లలో మేత మార్చడం, జాతి మార్చడం లాంటి ఖరీదైన పనులు ముందు జరుగుతాయి.

తర్వాత డమ్మీలు చేశాం. మందపాటి కాగితాన్ని చుట్టి కాండమంత గొట్టాలు, లోపల ఒకచోట ప్యూపా అంత పొడుగున్న ప్లాస్టిక్ కడ్డీ ముక్క, గోడకి గట్టిగా ఆనేలా. కాగితం అతుకు రంగు తేడా లేకుండా చూసుకున్నాం, ఎందుకంటే ఈ జాతులు కంటిని కూడా వాడతాయి. పింప్లా మీద చేసిన పనిలో కంపనంతో పాటు రంగు గుర్తు కూడా ఉంటే అవి రెండింటినీ కలిపి లెక్కలోకి తీసుకున్నాయి. డమ్మీ మీద ఎక్కడైనా నల్లటి గీతో జిగురు మరకో ఉంటే మనం కొలిచేది కంపనాన్ని కాదు, మరకని. కడ్డీని ఒక్కో గొట్టంలో ఒక్కో చోట పెట్టాం, కందిరీగకి ఫలానా చోట అన్న అలవాటు పడకుండా. వాడిన గొట్టాన్ని నిలువునా చీల్చి వెలుతురుకి ఎదురుగా పడితే సూది గుచ్చిన చోట్లు చిన్న చిన్న చుక్కల్లా వెలిగి కనిపిస్తాయి, లెక్కపెట్టడానికి మైక్రోస్కోప్ కూడా అక్కర్లేదు.

చుక్కలు కడ్డీ ఉన్న భాగంలోనే గుంపుగా పడ్డాయి. బోలు భాగంలో అక్కడక్కడా ఒకటీ అరా. కాబట్టి అవే కందిరీగలు, అదే గదిలో, అదే రోజు, వాసన బొట్టు కూడా లేని ప్లాస్టిక్ ముక్కని పట్టుకున్నాయి, కానీ నిజమైన ప్యూపాని పట్టుకోలేకపోయాయి. సూపర్‌వైజర్ ముఖం చూడాలి.

ఇక మిగిలింది కాండం ముక్కే. ఒకటి కోయించి చూశాను. లోపల ప్యూపా ఉంది, దాని చుట్టూ, ముందూ వెనకా, సొరంగమంతా తడి దూది కూరి ఉంది. అడిగితే కారణం తెలిసింది. కోసిన కాండం ముక్కలు త్వరగా ఎండిపోయి ప్యూపాలు ముడుచుకుపోతున్నాయని, పైగా ముక్కని నిలబెడితే ప్యూపా జారి అడుగుకి చేరుతోందని, రెండిటికీ ఒకే మందుగా తడి దూది పెట్టడం మొదలెట్టారు. తేమ నిలిచింది, ప్యూపా జారడం ఆగింది, సొరంగంలో బూజు కూడా పెద్దగా రాలేదు. ఆ లెక్కన అది మంచి మార్పే. ఎప్పటి నుంచి అని రిజిస్టర్ తిరగేస్తే, గుడ్లు పడిపోయిన తరం అక్కడే మొదలైంది.

కందిరీగ వైపు నుంచి చూస్తే ఏం జరిగిందో ఊహించడం కష్టం కాదు. దానికి కావాల్సింది గట్టి, బోలు అన్న తేడా. ప్యూపా ఉన్న చోట గోడ వెనక బరువుంది, మిగతా సొరంగంలో గాలి ఉంది, ఆ తేడాయే దాని సంకేతం. సొరంగమంతా నీళ్లు పీల్చిన దూదితో నిండాక గోడ వెనక ఎక్కడ తట్టినా బరువే, పైగా తడి దూది అదురుని మింగేస్తుంది. ప్యూపా అక్కడే ఉంది, దాని సరిహద్దులు చెరిగిపోయాయి. పింప్లా, జాంథోపింప్లా రెండిటి మీదా చేసిన ఇంకో పనిలో, తట్టే పదార్థం సాంద్రత పెరిగేకొద్దీ ఈ పద్ధతి సామర్థ్యం తగ్గుతుందని 2003లో తేలింది, అది కూడా ఇదే దిక్కుకి చూపిస్తుంది.

ఊహతో ఆగలేదు. అవే కాగితం గొట్టాలు తీసుకుని, కొన్నింట్లో కడ్డీకి రెండు పక్కలా ఖాళీ వదిలి, కొన్నింట్లో అంతటా తడి దూది కూరి, పక్కపక్కనే పెట్టాం. కాగితం తడిసి మెత్తబడితే అదే ఒక కొత్త తేడా అవుతుంది కాబట్టి అన్ని గొట్టాలకీ లోపల పల్చటి మైనం పూత వేశాం. ఖాళీ ఉన్న వాటిలో చుక్కలు మళ్లీ కడ్డీ మీదే పడ్డాయి, దూది కూరిన వాటిలో పొడుగునా చెల్లాచెదరయ్యాయి, కాండం ముక్క మీద చూసిన చెల్లాచెదరే.

ఇప్పుడు తేమ సమస్యని వేరే దారిలో తీర్చాలి, దూదిని తీసేయమని చెప్పి వచ్చేస్తే ప్యూపాలు మళ్లీ ఎండిపోతాయి. తేమని లోపల కాకుండా బయట పెట్టాం: ముక్కలు పెట్టే డబ్బా అడుగున నీళ్లు పీల్చిన స్పాంజి, పైన జాలీ, దాని మీద ముక్కలు, డబ్బాకి మూత. కందిరీగల పంజరంలోకి ఇచ్చే సమయానికి మాత్రమే బయటికి తీయాలి. ప్యూపా జారకుండా ఉండటానికి కాండంలో రంధ్రాన్ని ప్యూపా లావుకి సరిపడా మాత్రమే తొలిచాం, అది గోడకి ఆని నిలబడేంత బిగువు. రెండు చివర్లూ అదే కాండం బెండు ముక్కతో మూసి, ప్యూపాకీ ఆ మూతకీ మధ్య ఖాళీ వదిలాం. ఈ ఖాళీ ముఖ్యం. ప్యూపాకి ఆనుకుని బెండు మూత పెట్టేస్తే మళ్లీ గట్టి భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియదు, కొన్ని కందిరీగలు మూతనే గుచ్చి వదిలేస్తాయి.

ఇంకో విషయం కూడా సరిచేశాం, అది వాళ్లు అడగలేదు. కందిరీగల్ని రాత్రి చల్లటి గదిలో ఉంచి, పొద్దున్నే తీసి నేరుగా కాండం ముక్కల మీదికి వదులుతున్నారు. పురుగు ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలిని బట్టి మారుతుంది, కండరాల వేగం దాన్ని బట్టి మారుతుంది, తట్టే తీరు కూడా మారుతుంది. డోర్న్ బృందమే ఈ రెండు జాతుల్నీ పక్కపక్కన పెట్టి చూసింది: చల్లటి ప్రాంతపు పింప్లాకు చల్లదనంలో గురి బాగా కుదిరితే, ఉష్ణమండలపు జాంథోపింప్లాకు వెచ్చగా ఉన్నప్పుడు కుదిరింది. పింప్లా గురించి చదివిన పుస్తకం పట్టుకుని జాంథోపింప్లాను చల్లగా పెంచడం అందుకే పనికిరాదు. ఇప్పుడు చల్లగదిలోంచి తీశాక వెచ్చటి గదిలో కొంతసేపు తేనెనీళ్లతో వదిలి, చురుగ్గా నడవడం మొదలెట్టాకే ముక్కలు ఇస్తున్నారు.

గదిలో ఒక పంపు మోటారు ఉంది, అరల మీద చెయ్యి పెడితే సన్నగా అదురు తెలుస్తుంది. నాకూ అనుమానమొచ్చింది. అరల కింద రబ్బరు దిమ్మెలు పెట్టించి చూస్తే ఈ కేసులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లోపలి పురుగు చేసే బలహీనమైన అదురుని వినే జాతులతో పనిచేస్తుంటే మాత్రం మోటారుని ముందే గది బయట పెట్టిస్తాను. తన అదురు తానే పుట్టించుకునేదానికి ఆ ఇబ్బంది తక్కువ.

ఆడవాటి సైజు గురించి కూడా ఒక మాట. ఈ కందిరీగ పిల్ల తన జీవితకాలంలో తినేది ఒకే ఒక్క ప్యూపా, అది ఎంతుంటే ఇది అంత. చిన్న ప్యూపాలు ఇస్తే చిన్న ఆడవి వస్తాయి. పింప్లాలో పెద్ద ఆడవి ఈ తట్టి వెతకడంలో చిన్నవాటికంటే మెరుగ్గా ఉంటాయని 2001లో చూపించారు. ఖర్చు తగ్గుతుందని సన్నటి ప్యూపాలు వాడే యూనిట్లు ఆ నష్టాన్ని తర్వాతి తరంలో చూస్తాయి. ఇక్కడ ప్యూపాల్ని జల్లెడ పట్టి పెద్దవి తల్లుల కోసం పక్కన పెట్టమన్నాను.

మార్పుల తర్వాతి తరంలోనే ప్యూపాల్లో గుడ్లు మళ్లీ పడ్డాయి, ఆ తర్వాతి తరానికి పాత స్థాయికి చేరాయి. విసర్జన నీళ్ల పూత ఆపమని నేను చెప్పలేదు, కాండం దగ్గరికి త్వరగా రావడానికి అది పనికొస్తే రానివ్వండి అన్నాను. వాళ్లే కొన్ని డబ్బాల్లో పూసి కొన్నింట్లో పూయక చూసి, పంజరం అంత చిన్న చోట తేడా లేదని మానేశారు.

కాగితం గొట్టం మాత్రం యూనిట్‌లో ఉండిపోయింది. ప్రతి తరంలోనూ కొన్ని ఆడవాటికి, ఇంకా నిజం ప్యూపాని చూడనివాటికి, ముందుగా ఒక గొట్టం ఇస్తారు. చుక్కలు కడ్డీ మీద పడితే కందిరీగలు బాగున్నట్టు, తర్వాత గుడ్లు పడకపోతే తప్పు కాండం ముక్కలో వెతకాలి. చుక్కలు చెల్లాచెదరైతే గది వేడి, ఆడవాటి సైజు చూడాలి. అసలు చుక్కలే లేకపోతే అప్పుడు మేత, వయసు, జత కట్టడం గురించి మాట్లాడుకోవాలి. గొట్టాన్ని పంజరంలో ఎక్కువసేపు వదలొద్దని గోడ మీద రాసి పెట్టించాను, ఎందుకంటే ఈ కందిరీగలు నేర్చుకుంటాయి, ఎంత గుచ్చినా ఏమీ దొరకని గొట్టం మీద సాయంత్రం దాకా తిరిగిన ఆడదాన్ని మర్నాడు నిజమైన కాండం మీదికి వదిలితే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోలేం.